విప్పని పొట్లం

మేముండే టౌరంగాలో నా పరువు పోయిన సాయంత్రం గురించి చెబుతాను. పోయింది పెద్ద పరువేం కాదు, కానీ నాకున్నదంతా అదే.

మా ఊరికీ, జపాన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న నగరానికీ స్నేహం. ఏటా అక్కడినుంచి కొందరు వచ్చి మా ఇళ్లలో ఉంటారు. తర్వాత ఇక్కడినుంచి కొందరు వెళ్తారు. వెళ్లేవాళ్లను ఎంచేది కమిటీ పెద్ద ట్రేసీ. నాకు ఎలాగైనా వెళ్లాలి. ఎవరూ పిలవకముందే ఆఫీసులో సెలవు కూడా అడిగేశాను. అందుకే ఈసారి అతిథిని మా ఇంటికే పంపమని ట్రేసీ వెంటపడ్డాను.

వచ్చినావిడ మిచికో గారు, రిటైరైన టీచరు. కిందటేడు మా పద్మ ఆంటీ ఇంట్లో ఉన్నారు. గుమ్మంలోనే వంగి నమస్కరించి, పూల గుడ్డలో కట్టిన పొట్లం చేతిలో పెట్టారు. ఇచ్చినవాళ్ల ముందు విప్పకూడదని మా అమ్మ నేర్పింది. తీసుకెళ్లి బీరువాలో పెట్టాను.

ఆ బీరువా ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. మీ ఇంట్లోనూ ఉంది. గృహప్రవేశాలకీ పుట్టినరోజులకీ వచ్చినవన్నీ అందులో చేరి, విప్పకుండానే ఇంకో గృహప్రవేశానికి బయల్దేరతాయి.

మిచికో గారి వీడ్కోలు భోజనానికి తయారవుతుంటే, ఆవిడకి ఇవ్వడానికి ఏమీ కొనలేదని గుర్తొచ్చింది. బీరువా తెరిచాను. మా అబ్బాయి పుట్టినరోజుకి పద్మ ఆంటీ ఇచ్చిన పొట్లం కనిపించింది. కాగితం మీద నీలం అలలు. సముద్రం ఊరావిడకి ఇంతకంటే ఏం కావాలని నన్ను నేనే మెచ్చుకున్నాను.

కమిటీ హాల్లో అందరి ముందూ రెండు చేతులా అందించాను. మిచికో గారు ఆ కాగితాన్ని కాసేపు చూసి, బ్యాగులో పెట్టుకోబోయారు.

"విప్పండి, అందరం చూస్తాం," అంది ట్రేసీ. కివీలకు, అంటే ఇక్కడివాళ్లకు, అక్కడికక్కడే విప్పకపోతే బహుమతి ఇచ్చినట్టే కాదు.

"తర్వాత విప్పుతాను," అన్నారు మిచికో గారు.

"మొహమాటపడకండి," అన్నాను నేను. నా గొయ్యి నేనే తవ్వుకోవడంలో నాకెవరూ సాటిరారు.

విప్పారు. లోపల చెక్కపెట్టె. మూత మీద సముద్రం, లైట్‌హౌస్.

"ఎంత బాగుందో. ఎవరు వేశారు ఈ బొమ్మ?" అంది ట్రేసీ.

"నేనే," అన్నారు మిచికో గారు. "కిందటేడు పద్మ గారికి ఇచ్చాను."

పద్మ ఆంటీ సాంబారు గిన్నెలోకి చూస్తూ ఉండిపోయారు.

"ఆంటీ, మీరు విప్పి చూడలేదా?" అని తెలుగులో గొణిగాను.

"నువ్వు చూశావేంటి?"

"ఆవిడ చేత్తో చేసిస్తే నాకిచ్చేస్తారా?"

"మీవాడి పుట్టినరోజని సాయంత్రం గుర్తొచ్చిందే. ఏం చెయ్యమంటావ్?"

సిగ్గుతో చచ్చిపోయాను. జపాన్ ప్రయాణం మీద ఆశ వదిలేసుకున్నాను. ఇంటికొచ్చాక, కనీసం ఆవిడ ఇచ్చిందైనా విప్పి బాగుందని చెబుదామని పూల గుడ్డ ముడి తీశాను. లోపల మెరుపు కాగితం, నేను కొన్నదే. కాగితం లోపల కొండపల్లి ఏనుగు. తొండం దగ్గర జిగురు మరక, అదీ నాదే. తొండం విరిగితే అతికించి, పద్మ ఆంటీ గృహప్రవేశానికి నేనే ఇచ్చాను. నా ఏనుగు జపాన్ వెళ్లొచ్చింది. నేనింకా వెళ్లలేదు.

పొద్దున్న దాన్ని తెచ్చి మిచికో గారి ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి, సంగతి చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"మా ఇంట్లోనూ ఒక బీరువా ఉంది," అన్నారు. "పద్మ గారు ఇచ్చింది నేనూ విప్పలేదు. ట్రేసీకి మీ పేరు చెబుతాను. వచ్చి చూద్దురుగాని."

కాబట్టి ఆ అతికించిన తొండం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాకు వచ్చిన ఏ పొట్లాన్నీ విప్పి చూడకుండా ఇంకొకరికి ఇవ్వను. విప్పి చూసి, మళ్లీ చుట్టి ఇస్తాను.