దేశ్‌ముఖ్ పక్కన ఖాళీ గడి

2023 ఎండాకాలం. లింగంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో, మందుల షాపు పైన ఒక్క గది నా ఆఫీసు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఫ్యామిలీ ట్రీలు, అంటే వంశవృక్షాలు, తయారుచేసే పనిలో అప్పటికే స్థిరపడ్డాను. సొంత ఫ్లాటు కొన్నాక హాల్లో గోడ బోసిగా కనిపిస్తుంది, అప్పుడు జనానికి ముత్తాతలు గుర్తొస్తారు. నా గిరాకీ అంతా అలాంటిదే.

ఆ రోజు వచ్చినవాళ్ళది గోడ గొడవ కాదు. నల్లగండ్ల నుంచి సాకేత్, అతని తాత రంగారావు గారు వచ్చారు. సాకేత్, మియాపూర్ అమ్మాయి మౌనిక ఒకే కంపెనీలో పనిచేస్తూ ఇష్టపడ్డారు. అన్నీ కుదిరాయి. తీరా చూస్తే ఇద్దరి ఇంటిపేరూ దేశ్‌ముఖ్. ఒకే ఇంటిపేరంటే పాలోళ్ళు, అంటే దాయాదులు. అన్నాచెల్లెళ్ళ వరసని మౌనిక నానమ్మ అడ్డం తిరిగింది.

నిజానికి దేశ్‌ముఖ్ అనేది పూర్వం శిస్తు వసూలు చేసే అధికారంతో వచ్చిన బిరుదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. "బిరుదైతే ఏంది? రెండిండ్లు ఒక్క తాత నుంచి చీలలేదని ఎవరన్న చెప్పిండ్రా?" అని ఫోన్లో నన్నే నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే. తమ పాత ఇంటిపేరు కందుల అని కూడా చెప్పింది. ఇక తేలాల్సింది సాకేత్ వాళ్ళది.

"బిరుదు రాకముందు మీ ఇంటిపేరేంటండీ, బాబాయ్ గారూ?" అని అడిగాను.

"మాది మొదటిసంది దేశ్‌ముఖే బిడ్డా. రాసుకో."

"బిరుదు ఎవరో ఒకరు ఇస్తేనే కదండీ వచ్చేది?"

"తెనాలి దిక్కు నుంచొచ్చి మా ముచ్చట మాకే చెప్తవా?"

మాది తెనాలని యాసను బట్టి ఎత్తిపొడిచేసరికి నాకు ఒళ్ళు మండింది. మా సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ అని బిరుదుకో గడి, సర్‌నేమ్ అని ఇంటిపేరుకో గడి ఉంటాయి. టైటిల్ గడిలో దేశ్‌ముఖ్ అని కొట్టి స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. "ఈ పక్క గడి ఖాళీగా ఉన్నంతకాలం మీవాడికి ఆ పిల్ల చెల్లెలేనండి. ఇక మీ ఇష్టం."

సాకేత్ తల దించుకున్నాడు. పెద్దాయన మనవడి వంక చూసి, స్క్రీన్ వంక చూశాడు.

"గా గడి నింపితే దేశ్‌ముఖ్ తీసేస్తవా?"

"ఎందుకు తీస్తానండీ? దాని గడి దానికుంది."

"బొంతల," అన్నాడు మెల్లగా. "రాసుకో."

పాత చీరలు కలిపి కుట్టుకునే బొంత. చిన్నప్పుడు బడిలో పిల్లలు ఏడిపిస్తే, వాళ్ళ నాయన సర్టిఫికెట్లో దేశ్‌ముఖ్ అని రాయించాడట. ఆ పాత పేరు రంగారావు గారు తన కొడుక్కి కూడా చెప్పలేదు. "దొర ఇంట్ల పుట్టి బొంతలోన్ని అని ఎట్ల చెప్పుకుంట బిడ్డా?" అన్నాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు, జాలేసింది.

ఒక్కరి మాట మీద నేను ఏ పేరూ ఎక్కించను. ఊళ్ళో ఉన్న రంగారావు గారి అక్కకు ఫోన్ కలిపించి, పేరు ఎత్తకుండా, పుట్టింటి ఇలవేల్పును ఏమని కొలుస్తారని అడిగాను. "బొంతలోల్ల ఎల్లమ్మ అంటరు. గది గూడ యాది లేదా మా తమ్మునికి?" అంది ఆవిడ. కందుల వారి ఇలవేల్పు మైసమ్మ. ఆ మాట విన్నాక మౌనిక నానమ్మ మెత్తబడింది.

అప్పట్నుంచీ నేను ఎవరి బిరుదునూ వెటకారం చేయడం లేదు. ముందు దాన్ని దాని గడిలో మర్యాదగా రాస్తాను. మనసు కుదుటపడ్డాక అసలు పేరు వాళ్ళే చెప్తారు.

పెళ్ళి పత్రికలో బొంతల అని పెద్ద అక్షరాల్లో వేయించింది రంగారావు గారేనట. మండపం దగ్గర మౌనిక నానమ్మ "రాండ్రి, బొంతలోల్లు రాండ్రి" అని గట్టిగా పిలిస్తే, ఆయన నొచ్చుకుంటాడేమోనని అటు చూశాను. పెద్దాయన మీసం దువ్వుకుని నవ్వాడు. "వస్తున్నం వదినా. చలి పెడితే దేశ్‌ముఖ్‌ను కప్పుకుంటరా ఎవరన్న? బొంతనే కప్పుకోవాలె."