కుక్కరులో గంజి ఉండదు

మా ఇంటికి కుక్కరు వచ్చింది వానలు మొహం చాటేసిన ఏడాది. ఉరవకొండలో మా వీధి బావి అడుగంటిపోయింది. ఊరి బయట బావి నుంచి బిందె మోసుకొచ్చేసరికి నడుము విరిగినంత పనయ్యేది. తెచ్చినవి కూడా ఉప్పునీళ్లు. వాటిలో కందిబేడలు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉండేవి. పొయ్యి ఊదీ ఊదీ కళ్లు మండి, బడికి పోయే మా ఆయన మీద విసుక్కుని, ఆయన వెళ్లాక మిగిలిన విసుగు గిన్నెల మీద చూపించేదాన్ని. నాకు మొదటినుంచీ ఓపిక తక్కువ.

కుక్కరు సంగతి మోసుకొచ్చింది మా ఆయనే. ఆయన అదే ఊళ్లో బడి అయ్యవారు. తోటి అయ్యవారి ఇంట్లో చూసొచ్చి, "అన్నానికి కొలిచి నీళ్లు పోస్తే చాలంట. గంజి వంచే పనే లేదు. దినానికి చెంబెడు నీళ్లు మిగుల్తాయి. స్టవ్వుమీద పెడితే పొగా ఉండదు" అన్నాడు. నాకు నీళ్ల మాటకన్నా పొగ ఉండదన్న మాటే చెవికెక్కింది.

ఇద్దరం బస్సెక్కి అనంతపురం పోయాం. అంగడాయన రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకదాని మూత లోపలికి దూర్చి పైకి లాగి బిగించాలి. రెండోదాని మూత పైన పెట్టి తిప్పితే చాలు.

"ఏమప్పా, పేలదు కదా?" అని మా ఆయన అడిగాడు.

"పేలితే వచ్చి నన్నడుగు సార్" అన్నాడు అంగడాయన.

పేలినాక అడగడానికి మిగిలేదెవరని నేను గొణిగాను. లోపలి మూత ఎన్నిసార్లు తిప్పినా నా చేతికి లొంగలేదు. పైమూతదే తీసుకున్నాం. లోపల ఒకదానిమీద ఒకటి కూర్చునే మూడు గిన్నెలు ఇచ్చాడు. దాంతోపాటు ఒక కిరసనాయిలు స్టవ్వూ కొన్నాం.

మొదటిరోజు అది బుసకొట్టి కూత వేసేసరికి మా అత్త వాకిట్లోకి పరుగు తీసింది. మూత తీసి చూస్తే పప్పు గరిటె తగిలిస్తేనే మెదిగిపోతోంది. ఇన్నాళ్లూ ఏడిపించిన ఆ పప్పును చూసి నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అప్పుడే పెరటి వాకిట్లో మాకు కట్టెలు తెచ్చిచ్చే ఆమె వచ్చి కూర్చుంది. మా పెరటిగోడ అవతల గుడిసెలో ఉండేది. కూలికి పోయే మనిషి. ఆ ఏడు సెనక్కాయ పైరే లేదు, ఇక కూలెక్కడిది? రోజూ పొద్దున్నే ఒక చంకెడు ఎండుకంప ఏరి తెచ్చి మా పొయ్యి పక్కన వేసేది. నేను అన్నం వంచిన గంజి సత్తుచెంబులో పట్టుకుపోయేది. వాళ్ల నాయనకు పళ్లు లేవు. గంజిలో ఉప్పు, నలిపిన ఎర్రగడ్డ వేసుకుని తాగితే ఆయనకు ఆ రోజు గడిచినట్టే. ఈ ఏర్పాటు నేను కాపురానికి రాకముందు మా అత్త చేసింది. బిచ్చమని ఎవరూ అనుకోలేదు. కట్టెలకు గంజి, అంతే.

"గంజి వంచలేదా అక్కా?" అంది.

కుక్కరులోకి చూశాను. అన్నం నీళ్లన్నీ తాగేసి పొడిపొడిగా కూర్చుని ఉంది. మా ఆయన మిగులుతాయన్న ఆ చెంబెడు నీళ్లే ఇన్నాళ్లూ ముసలాయన తాగింది. ఆ ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. గబగబా రెండు పిడికిళ్ల అన్నం ఆమె చెంబులో వేశాను.

"బువ్వ మా నాయన నమల్లేడక్కా."

"నీళ్లు పోసి పిసికి పెట్టు" అన్నాను.

మరుసటిరోజు నేనే తెలివికి పోయి గంజి కోసమని గిన్నెలో నీళ్లు ఎక్కువ పోశాను. నురగ పొంగి, వెయిటు సందులోంచి చిమ్మి, మిద్దె దూలాలదాకా ఎగిరింది. అడుగున మిగిలిన దాన్ని ఆమెకు పోశాను. ఆమె చెంబులోకి చూడలేదు. చూరు కింద వాడకుండా పడి ఉన్న కంప వైపు చూసింది.

"ఇయ్యి దేనికక్కా ఇంక?" అంది.

ఆమె వెళ్లాక మా అత్త అంది: "పొద్దున ఒక్క పూట పొయ్యిమీద ఎసరు పెట్టరాదా పాపా? ఏం పోతుంది?"

"మళ్లీ ఆ పొగలో కూర్చోమంటావా అత్తా? నీళ్లు మోసేది నువ్వా, నేనా?"

మోకాళ్ల నొప్పులతో బావిదాకా నడవలేని మనిషిని ఆ మాట అన్నాను.

తెల్లారి, చంకలో మోపుతో వచ్చిన కట్టెలామెకు చెప్పాను: "కట్టెలు తేవాకు ఇంక. పొయ్యి వెలిగించేదే లేదు కదా. ఊరికే రా, ఉండేది పెడతా." నా గొంతు చాలా మెత్తగా ఉంది.

మోపు ఎక్కడ దించాలో తెలియక ఆమె కాసేపు అట్లాగే నిలబడింది. "ఊరికే ఎట్ల వస్తానక్కా" అని మోపుతోనే తిరిగి పోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"కట్టెలొద్దంటే మనిషిని వద్దన్నట్లే గదమ్మా" అంది మా అత్త. నాకు ఆ సంగతి తెలియక కాదు. నిజం చెప్పాలంటే, పెరట్లో ఎవరూ ఎదురుచూడని ఆ పొద్దులు నాకు హాయిగా ఉన్నాయి. అంత హాయిగా ఉన్నందుకే సిగ్గు. గోడ అవతలికి పోయి పిలుద్దామంటే మొహం చెల్లలేదు. కుక్కరు కూత గోడ దాటి వినపడుతుందని, మొదటి కూతకే స్టవ్వు తగ్గించేదాన్ని.

ఎండలు ముదిరాక, కరువులో ఉన్నవాళ్లకు మా ఆయన పనిచేసే బళ్లో గంజి పొయ్యడం మొదలుపెట్టారు. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితేనే పోస్తారు, ఇంటికి పట్టుకుపోనివ్వరు. అయ్యవార్ల ఆడవాళ్లం కొందరం సాయానికి పోయాం. రెండు గంగాళాలు, రెండు వరుసలు. ఒకదాని దగ్గర నేను, రెండోదాని దగ్గర బడి జవాను.

ఒకరోజు ఆమె వచ్చింది. ఆమె భుజం ఆసరా చేసుకుని వాళ్ల నాయన. ఆ ముసలాయన గుడిసె దాటి బయటికి రాగా నేనెప్పుడూ చూడలేదు. మిట్టమధ్యాహ్నం, కాళ్లకు చెప్పులు లేవు. నా వరుసలో నలుగురే ఉన్నారు. జవాను వరుస గేటు దాటి ఎండలోకి పోయింది. ఆమె నన్ను చూసింది. చూసి, వాళ్ల నాయనను తీసుకుపోయి ఆ వరుస చివర నిలబెట్టింది.

"నాయనా, ఈడికి రాండి, ఈడ నలుగురే ఉండారు" అని కేక వేశాను.

ముసలాయన నా వైపు ఒక అడుగు వేశాడు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది. నేను తల దించుకుని నా ముందున్నవాళ్లకు పోస్తూ ఉండిపోయాను.

ఇంటికొచ్చేసరికి ఆకలి నకనకలాడుతోంది. స్టవ్వు వెలిగించి కుక్కరు ఎక్కించాను. కాసేపట్లో అన్నం, పప్పు రెండూ అయిపోయాయి. అత్తకు పెట్టి, నేనూ పెట్టుకుని కూర్చున్నాను.

"గోడవతల పాప ఆడ యాడన్నా కనపడిందా?" అని అడిగింది మా అత్త.

"లేదత్తా" అని, ఇంకో గరిటె అన్నం వేసుకున్నాను.