మాస్టారు చెరిపేసిన మెయిళ్ళు

ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారు అనేవారు. డ్రైవింగు స్కూల్లో కారు నేర్పేవారు. పక్క సీట్లో కూర్చుని, తన కాలి దగ్గరున్న రెండో బ్రేకు తొక్కకుండా ఒట్టి గొంతుతోనే బండి ఆపించగలరని పేరు. ఆయన "బ్రేక్" అని ఒక్క కేక పెడితే పక్కన సైకిలు మీద పోయేవాడు కూడా ఠక్కున కాలు కింద పెట్టేవాడట. ఈ ముచ్చట చెప్పి చెప్పి నవ్వేది ఆయన భార్య. ఆమె ఒక కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. అద్దాలు ఫ్రేములో బిగించడం, వచ్చినవాళ్ళ చెవులకూ ముక్కుకూ కుదిరేలా కాడలు వంచి ఇవ్వడం ఆమె పని.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. అరిచి అరిచి బొంగురుపోయిందనుకుని చాలాకాలం వేడినీళ్ళు పుక్కిలించారు. చివరికి ఆస్పత్రిలో స్వరపేటిక మొత్తం తీసేయక తప్పలేదు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఊపిరి తీసుకోవడానికి మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ మిగిలాయి. మొదట్లో పలక మీద రాసి చూపించేవారు. పలక మీద పట్టేవి ఒకటి రెండు ముక్కలే. "నీళ్ళు." "తలుపు." "నొప్పి లేదు." ఫోనులో రాయమంటే, ఆ చీమతలకాయంత అక్షరాలు తన వేళ్ళకు లొంగవని పక్కన పడేశారు.

అయితే కుర్రతనంలో టైపు నేర్చుకున్న చేతులవి. ఒక రోజు షాపులో ఆమె టీ తాగుతూ కంప్యూటరు చూస్తే ఆయన దగ్గర్నుంచి మెయిలు. ఎదురింటాయన కారు వెనక్కి తీయబోయి తన గోడ తనే గీకేసుకున్న వైనం, పేజీడు. చదివి ఆమె అక్కడికక్కడే ఫక్కున నవ్వింది. జవాబు రాసింది. ఇక అదే వాళ్ళ మాట్లాడుకోవడమైపోయింది. ఇద్దరూ ఇంట్లో ఉన్నా సరే, ఆయన ఆ గదిలో కూర్చుని రాసేవారు, ఆమె ఈ గదిలో పని చేసుకుంటూ ఎదురుచూసేది. అలకలు, ఎత్తిపొడుపులు, ఇంటి విషయాలు, అన్నీ అందులోనే. కొన్నేళ్ళు అలాగే గడిచాయి.

ఇద్దరి మెయిళ్ళూ ఇంటి కంప్యూటర్లోని మెయిలు ప్రోగ్రాములోకి దిగేవి. బయట సర్వర్లో జాగా నిండిపోతోందని, దిగినవి దిగినట్టు అక్కడ చెరిగిపోయేలా మాస్టారే అమర్చారు. అంటే అన్నిటికీ ఉన్నది ఒకటే కాపీ. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర ముందు కూర్చుని ఉన్నారు. ప్రోగ్రాము తన ఫైళ్ళు సర్దుకుంటుండగా కరెంటు పోయిందట. మళ్ళీ తెరిస్తే ఫోల్డర్ల పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. డేటాబేసు పాడైందని ఒక ముక్క చూపించి ప్రోగ్రాము మూసుకుపోతోంది.

"కంగారుపడకండి, తమ్ముడికి చెప్తాను," అంది ఆమె. వాడు ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాడు.

మాస్టారు ఖాళీ పేజీ ఒకటి తెరిచి కొట్టారు. "పోతే పోనీ. వాడిని పిలవకు."

"అదేంటండీ? అన్నేళ్ళ మాటలు కదా."

"ఎవరింట్లో మాటలైనా గాల్లో కలిసిపోయేవే. మనవీ పోయాయనుకో."

ఆమెకు చివుక్కుమంది. తను అంత అపురూపంగా చూసుకున్నవి ఈయనకు ఇంత తేలికా అనుకుంది. ఆయన వద్దన్నా తమ్ముడికి ఫోను చేసింది.

తమ్ముడు సెలవు రోజున వచ్చాడు. "ముందు దీన్ని ముట్టుకోకండి బావా. తెరిచిన కొద్దీ పాడవుతుంది," అంటూ డిస్కు మొత్తానికి నకలు తీసుకుని, నకలు మీదే పని మొదలుపెట్టాడు. ఏ మెయిలు ఎక్కడుందో ప్రోగ్రాము ఒక సూచికలో రాసుకుంటుందని, అది పాడైతే తీసిపారేస్తే చాలు, మళ్ళీ తనే తయారుచేసుకుంటుందని చెప్పాడు. తీసిపారేశాడు. ప్రోగ్రాము కొంతదాకా లెక్కపెట్టి బిగుసుకుపోయింది.

"సూచిక ఒక్కటే కాదక్కా, అసలు ఫైలుకే దెబ్బ తగిలింది. ముక్కముక్కగా ఏరాలి. ఇంటికి పట్టుకెళ్తా."

గుమ్మంలో నిలబడి చూస్తున్న మాస్టారి ముఖం పాలిపోయింది. తమ్ముడు నకలు తీసిన డిస్కు సంచిలో పెట్టుకోగానే ఆయన బాల్కనీలోకి వెళ్ళిపోయారు. తన మాట వినలేదని అలిగారనుకుందామె.

కొద్దిరోజులకు తమ్ముడు నేరుగా షాపుకే వచ్చాడు. ఫోనులో చెప్పకుండా ఇంతదూరం వచ్చాడంటేనే ఏదో ఉందనుకుంది ఆమె.

"చాలావరకు వచ్చాయక్కా. కొన్ని సగంలో తెగిపోయాయి, మధ్యలో ఒక ఏడాదివి పూర్తిగా పోయాయి." వాడు జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు. "చెరిపేసినవి కూడా లేచొచ్చాయి. మెయిలు చెరిపితే కంటికి కనపడదు గానీ, ప్రోగ్రాము ఫైళ్ళు సర్దేదాకా లోపలే పడుంటుంది. బావ ఇన్నేళ్ళూ సర్దనివ్వలేదు. మొన్న సర్దుతుంటేనే కరెంటు పోయింది. ఉంచుకున్నవేవో చెరిపినవేవో తెలిపే గుర్తులు చెడిపోయి అన్నీ కలిసిపోయాయి. వేరుచేద్దామని రెండు చదివాను. ఇక చదవలేదు. నువ్వే చూడు."

వాడు పెన్‌డ్రైవు చేతిలో పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

షాపు వెనక, అద్దాలు అరగదీసే గదిలో కూర్చుని ఆమె చదివింది. ఆపరేషనైన కొత్తలో రాసినవి. అన్నీ ఆమెకే. ఒక్కటీ పంపలేదు.

"నువ్వు నాతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నావు. గొంతు పోయింది నాకు, నీకు కాదు."

"నిన్న వంటింట్లో మీ అమ్మతో ఫోనులో అన్నావు, అంతా నా ఒక్కదాని నెత్తిన పడిందని. నిజమే. తోడుగా అవునని కూడా అనలేకపోయాను."

ఆమె ఆ మాట అన్నది నిజమే. తలుపు వేసే ఉందనుకుంది. తర్వాతిది తెరిచింది.

"ఈరోజు స్కూలు కారు అడిగి తీసుకుని వంతెన దాకా వెళ్ళాను. పక్క సీట్లో బ్రేకు తొక్కేవాళ్ళెవరూ లేరు. చాలాసేపు ఇంజను ఆపలేదు. వాన మొదలైంది. నువ్వు గొడుగు తీసుకెళ్ళలేదని గుర్తొచ్చింది."

ఆ వాన ఆమెకు బాగా గుర్తుంది. బస్టాపులో తడిసి ముద్దై నిలబడి ఉంటే ఆయన కారు తెచ్చి ఆపారు. ఇంత ఆలస్యంగానా రావడం, మనిషి చచ్చిందో బతికిందో అక్కర్లేదా అని దారిపొడుగునా సణుగుతూనే ఉంది. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా నడిపారు.

బయట ఎవరో పెద్దాయన ఫ్రేము వదులైందని పిలిచారు. వెళ్ళి కాడ వంచబోతే చేతిలో పుటుక్కున విరిగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె చేతిలో ఫ్రేము విరగడం అదే మొదలు.

ఇంటికెళ్ళి ఏమీ ఎరగనట్టు ఉందామనుకుంది. ఆయన్ని చూశాక చేతకాలేదు.

"చెరిపినవి కూడా వచ్చాయండీ," అంది. "చదివాను. వంతెన సంగతి కూడా."

మాస్టారు లేచి కంప్యూటరు ప్లగ్గు పీకేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఒక్క అక్షరం రాయలేదు, పలక కూడా ముట్టుకోలేదు. మాట లేని మనిషి నిజంగా మౌనంగా ఉంటే ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. గుడ్డ వెనక ఊపిరి చప్పుడు వింటూ, ఆ చప్పుడు ఉందిలే అనుకుంటూ తిరిగింది.

ఒక పొద్దున భోజనం డబ్బా సర్దుకుంటూ ఉన్నట్టుండి ఆమె గొంతు లేచింది. "చావాలనిపించిందని చెప్పడానికి నేను పనికిరాలేదా? గోడ గీకిన కథలైతే పేజీలు పేజీలు రాస్తారు. నేనేం సినిమాకొచ్చానా, నవ్వించి పంపడానికి?" ఆపరేషనయ్యాక ఆయన మీద ఆమె అరవడం అదే మొదటిసారి. అరుస్తూనే ఉంది. అమ్మతో అన్న మాటకు క్షమించమని కూడా ఆ అరుపులోనే అడిగింది.

మాస్టారు ప్లగ్గు పెట్టారు. మీటలు టపటపలాడించారు.

"చెప్తే నువ్వు షాపు మానేసి నాకు కాపలా కూర్చునేదానివి. పోతే పోనీ అని నేనన్నది ఆ చెరిపిన వాటి గురించే. నువ్వు రాసినవి పోయాయని నాకు బాధ లేదనుకున్నావా?"

"అనుకున్నాను," అంది ఆమె.

"తెలివితక్కువదానా."

ఆమెకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ఆ రోజు షాపుకు ఆలస్యంగా వెళ్ళింది.

తర్వాతి సెలవు రోజున ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మెయిళ్ళు వేరుచేశారు. తెగిపోయిన వాటికి మిగతా సగం ఏమై ఉంటుందో ఆయన రాసి చూపిస్తే, అలా లేదు అని ఆమె వాదించింది. మెయిళ్ళు పూర్తిగా పోయిన ఆ ఏడాదిలో ఏం రాసుకున్నామని ఆమె అడిగితే, "నువ్వు నన్ను తిట్టి ఉంటావు" అని కొట్టారు. పంపని మెయిళ్ళను ఆయన ఒక్కొక్కటిగా చెరిపారు. ఆమె అడ్డు చెప్పలేదు. వంతెన మెయిలు దగ్గర ఆయన చెయ్యి ఆగితే ఆమె దాన్ని తన ఫోల్డర్లోకి జరుపుకుంది. ఆయనా ఊరుకున్నారు. ఈసారి తమ్ముడు అన్నిటికీ ఇంకో కాపీ తీసి తన దగ్గర పెట్టుకున్నాడు.

అంతా కుదుటపడిందని చుట్టాలు అనుకున్నారు. అనుకోనిచ్చిందామె. మాస్టారు అప్పుడప్పుడు స్కూలు కారు అడిగి తెచ్చుకుని ఒక్కరే బయటికి వెళ్తారు. ఎక్కడికని ఆమె అడగదు. చేతిలో పని ఆగిపోతుంది. వీధి మలుపులో కారు చప్పుడు వినపడేదాకా కిటికీ దగ్గరే నిలబడుతుంది.