ఒక పూట సెలవు

“సన్మానానికి నా పేరు ఎవరిమ్మన్నారే నిన్ను?”

“నేనే ఇచ్చాను అత్తయ్యా. ఇప్పుడేటి, కొడతారా?”

“మీ మామయ్యని పరాయోళ్లకి ఒప్పజెప్పి, నేను సభలో కూర్చుని బూందీ తిని రావాలా?”

“రేపు ఒక్క పూట. మామయ్య మంచాన పడ్డాక మీరు గడప దాటలేదు. సబ్ లోగ్, అందరూ అడుగుతున్నారు, మీ అత్తయ్య ఊళ్లో లేదా అని.”

“ఉందని చెప్పు. మంచం పక్కనే ఉందని చెప్పు.”

మా కోడలు ఇక్కడ భిలాయిలోనే పుట్టింది. కోపమొస్తే సగం హిందీ. నేనూ గొంతు తగ్గించలేదు. పక్షవాతంతో మాట పడిపోయిన మా ఆయన, మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. మా రభసే ఆయనకి కాలక్షేపం.

ఈ సభ మా పాత కౌన్సిలర్ బాబు పెట్టిన ఆనవాయితీ. రోగులకి చాకిరీ చేసేవాళ్లలో ఏటా ఒకరికి సన్మానం. శాలువా కాదు. “ఈ ఎండల్లో శాలువా దండగ” అనేవారు. ఆ మాట నాకు భలే నచ్చింది. చాకిరీ చేసే మనిషిని సభకి పంపించి, ఆ ఇంట్లో రోగి దగ్గర తాను కూర్చునేవారు. సభలో ఆయన కుర్చీ ఖాళీ.

మా అత్తగారు మంచాన పడిన ఏడు ఆయన మా ఇంటికే వచ్చారు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, “ఈవిడని ఎటు తిప్పి పడుకోబెట్టాలో చూపించమ్మా” అన్నారు. చూపించాను. సభకి మాత్రం వెళ్లలేదు. సంచీ పట్టుకుని రేషన్ బియ్యం లైన్లో నిలబడ్డాను. పూట దొరికితే వృథా చేస్తానా? తిరిగొచ్చేసరికి ఆయన అత్తగారికి గంజి తాగిస్తున్నారు. సగం ఆయన చొక్కా మీదే ఉంది. నా సంచీ చూసి, “ఓలమ్మా, సెలవిచ్చింది ఇందుకా!” అని నవ్వేశారు. ఎన్నడూ నవ్వని మా అత్తగారూ నవ్వింది.

ఆయన పోయారు గానీ పద్ధతి పోలేదు. సన్మానం పొందినవాళ్లే ఇప్పుడు వెళ్లి కూర్చుంటారు. మా ఆయన బాగున్న రోజుల్లో నేనూ కొన్నిళ్లలో కూర్చున్నాను. కోడలు సరిగ్గా అక్కడే పట్టుకుంది.

“మీరు ఇంకొకళ్ల ఇంట్లో కూర్చోవచ్చు. మనింట్లో ఇంకొకరు కూర్చోకూడదా?”

“ముందు ఆ లైటు ఆర్పు. కరెంటు దండగ” అన్నాను.

మర్నాడు పొద్దున్న క్యాంప్ 2 బస్తీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఉక్కు ప్లాంటులో రిటైరై, భార్యని చివరిదాకా తన చేతులతో చూసుకున్న మనిషి. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, “అన్నగారికి తలగడ ఎటు పెట్టాలి చెల్లెమ్మా?” అన్నారు. చూపించాను. మళ్లీ చూపించాను. మా ఆయన ఎడమ చెయ్యెత్తి, ఇంక వెళ్లమని విదిలించారు.

నేత చీర కట్టుకుని గొడుగు తీసుకున్నాను. తలుపు వెనక మేకుకి తగిలించిన రేషన్ సంచీ కూడా తీశాను. కోడలు దాన్ని నా చేతిలోంచి లాక్కుని మళ్లీ మేకుకే తగిలించింది. ఇద్దరం సభకి నడిచాం.