వెనక బెంచీలో సైన్సు సార్

మా సైన్సు సార్ మొన్న జనగామ దవాఖానలో చనిపోయారు. కొడకండ్ల బడిలో నాతో పదో తరగతి చదివిన జ్యోతి ఫోన్ చేసి చెప్పింది. "సార్ పోయిండు" అంది.

జ్యోతిది పక్క తండా. లెక్కల క్లాసులో గ్రాఫు మీద గీత చూసి వాలు వెంటనే చెప్పేది. సైన్సు క్లాసులో అదే గీతకు x, y బదులు కరెంటు, వోల్టేజి అని రాస్తే పెన్ను కింద పెట్టేది. అర్ధ సంవత్సరం పరీక్షలో సైన్సు తప్పింది. వాళ్ల బాపు బడికొచ్చాడు.

"ఫెయిలయ్యేదానికి బడెందుకు సార్? మాతోని మిర్చి ఏరనీకి తోల్కపోత."

"జర ఆగు అన్నా. మేమెట్ల చెప్తున్నమో సూసుకోనియ్. మీరు ఎల్లేనాడు బడికాడ ఆగు. అప్పుడు నీ ఇష్టం," అన్నారు సైన్సు సార్.

మర్నాడు సార్ లెక్కల క్లాసులో వెనక బెంచీలో మా మధ్య ఇరుక్కుని కూర్చున్నారు.

"ఏంది సార్, తనిఖీకొచ్చిండ్రా?" అన్నారు లెక్కల సార్.

"నేర్చుకుందామని. మీరు వాలు అంటున్నరు, నేను నిరోధం అంటున్న. పిల్లలకు రెండూ వేరే అనిపిస్తున్నయ్."

"ఇన్నేండ్లు అడుగలేకపోయిండ్రా మరి?"

మాతో పాటు సార్ కూడా నవ్వారు. వారమంతా అక్కడే కూర్చున్నారు.

తర్వాత తన క్లాసులో గ్రాఫు గీసి, ముందు x, y అనే రాశారు. జ్యోతి వాలు రెండని చెప్పింది. అక్షరాలు చెరిపి కరెంటు, వోల్టేజి రాశారు. జ్యోతి తల దించుకుంది.

"గదే గీత, పిల్లా. అంగీ మార్చుకున్నది, గంతే."

"అయితే రెండే సార్."

"ఏం రెండు? మామిడిపండ్లా? లెక్కలల్ల రెండంటే సాలు. నాకాడ ఏం రెండో చెప్పాలె."

"రెండు ఓములు."

ఇన్నేళ్ల విలేకరి పనిలో ఎవరు ఏ అంకె చెప్పినా 'ఏం రెండు?' అని అడిగే తీరుతాను. అది ఆయన ఇచ్చిన అలవాటే. దానివల్ల నా వార్తల్లో చాలా తప్పులు తప్పాయి.

మిర్చి పనికి పోయే తండావాళ్ల వ్యాను ఒక పొద్దున బడి ముందు ఆగింది. జ్యోతి వాళ్ల బాపు గుమ్మంలోకొచ్చాడు. సార్ జ్యోతికి సుద్ద ఇచ్చారు. ఆమె గీత గీసి, నిరోధం లెక్కకట్టి, లంబాడీలో తండ్రికి వివరించడం మొదలుపెట్టింది. ఆయన చాలాసేపు విన్నాడు.

"ఈడనే మా అవ్వకాడ ఉంటది సార్. పైలం," అన్నాడు.

వ్యాను పాలకుర్తి రోడ్డు ఎక్కేదాకా సార్ గుమ్మంలోనే నిలబడ్డారు. ఆయన వెనక బోర్డు మీద, జ్యోతి ఇంకో గీత మొదలుపెట్టింది.