రెండోనోరు మాష్టారు

ఆయన అసలు పని బడిలో వ్యాకరణం చెప్పడం. ఊళ్ళో మాత్రం ఆయన్ని అందరూ రెండోనోరు మాష్టారు అనేవారు. పరాయి భాషలో మాట్లాడే ప్రసంగీకుడు ఎవరొచ్చినా, వేదిక మీద పక్కన నిలబడి తర్జుమా చెప్పేది ఆయనే. అవతలివాడు గుక్క తిప్పుకునేలోపు ఆ వాక్యం మన మాటల్లో తయారై జనం చెవుల్లో పడేది. అతను గొంతు పెంచితే ఈయనా పెంచేవాడు. అతను కంటతడి పెడితే ఈయన గొంతు జీరబోయేది. "మొదటి నోరు చప్పగా ఉన్నా రెండోనోరు ఉప్పూ కారం తగిలిస్తుందిలే" అని జనం మురిసిపోయేవారు. ఆ మాట వింటే మాష్టారికి ఆ పూటకి అన్నం అక్కర్లేదు.

అలాగని ఆయన భక్తి వేషం కాదు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ కలిసి ఒక్క దేవుడే అన్న నమ్మకం ఆయనకి తల్లి ఒడిలోనే వచ్చింది. ఆ ముగ్గురి జాడ బైబిల్లో యూదుల గ్రంథమైన పాత నిబంధనలోనూ ఉందని విన్నప్పుడు, ఆ హెబ్రీ మాటలు తన కళ్ళతోనే చూడాలనిపించింది. నేర్పేవాడి కోసం వెతికితే, గడియారాలు బాగుచేసే యూదుడు ఒకాయన దొరికాడు. ఒకప్పుడు ఆయన దుకాణం ఉన్న గడియారాల వీధి నిండా వాళ్ళ మనుషులే ఉండేవారట. చివరికి మిగిలింది ఆయనా, చెవిటి చెల్లెలూ. మాష్టారు ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాడు.

చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత దుకాణం. బాబాయి ఒక కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో గడియారం ముల్లు పట్టుకునే, కుడి నుంచి ఎడమకి అక్షరాలు చదివించేవాడు. రోజూ చదువు తక్కువ, వాదన ఎక్కువ.

"ఆదిలో దేవుడు 'మనిషిని చేద్దాం' అన్నాడు కదా బాబాయ్. ఒక్కడే ఉంటే ఎవరితో అన్నట్టు?"

"మీ ఆవిడ పొద్దున్నే లేచి 'ఇక ఇల్లు ఊడ్చేద్దాం' అనదూ? ఎప్పుడైనా నువ్వు చీపురు పట్టావురా?"

"అది సరే. అసలు దేవుడు అనే మాటే మీ భాషలో బహువచనం కదా?"

"మీ నాన్నగారు వచ్చారు అంటావు. ఎంతమందిరా నీకు నాన్నలు?"

మాష్టారు వ్యాకరణం మనిషి. అంత తేలిగ్గా వదలడు. "బహువచనం పక్కన 'సృజించాడు' అని ఏకవచనం ఎందుకు పెట్టారు మరి? మేం చెప్పేదీ అదే. పేరులో ముగ్గురు, పనిలో ఒక్కరు."

బాబాయి కంటి భూతద్దం ఊడి ఒళ్ళో పడేలా నవ్వాడు. "ఓరి నీ దుంపతెగ! వ్యాకరణానికి కూడా బాప్తిస్మం ఇచ్చేశావే!"

అబ్రాహాముకి దేవుడు కనపడ్డాడని చెబుతూనే, అతని గుడారం ముందు ముగ్గురు మనుషులు నిలబడ్డారనే కథ దగ్గరికొస్తే ఇద్దరూ నెలల తరబడి కదిలేవారు కారు. బాబాయి 'ఒక్కడే' అన్న పట్టు వదల్లేదు, మాష్టారు 'ముగ్గురు' అన్న పట్టు వదల్లేదు. అలా ఏళ్ళు గడిచాయి. ఆ వాదన లేని రోజు మాష్టారికి ఏదో పారేసుకున్నట్టుండేది.

ఒక ఎండాకాలం, బడికి ఇంకా సెలవులు ఇవ్వకముందే, పేరుమోసిన ప్రసంగీకుడు ఒకడు ఊరికి వచ్చాడు. మూడు సాయంత్రాల కూటములు. 'పాత నిబంధనలో త్రిత్వము' అన్నది అంశం. మాష్టారు సంబరపడిపోయాడు. మొదటి సాయంత్రం బాగానే గడిచింది. మర్నాడు మధ్యాహ్నం సంఘపెద్ద ఇంట్లో భోజనాల దగ్గర, మాష్టారు ఉత్సాహం పట్టలేక బాబాయి సంగతంతా చెప్పేశాడు. వాదనలూ, జోకులూ, దుకాణం ఎక్కడుందో అదీ. ప్రసంగీకుడు కోడి ఎముకని నాలుకతో తిప్పి తిప్పి చీకుతూ విన్నాడు. చీకిన ఎముకల్ని పళ్ళెం అంచున వరసగా పేర్చాడు. "ఇదంతా నాకు పనికొస్తుంది" అని, జిడ్డు చెయ్యి మాష్టారి భుజానికేసి తుడిచినంత పని చేశాడు.

ఆ సాయంత్రం మైదానం నిండిపోయింది. ప్రసంగీకుడు యూదుల మీదికి దిగాడు. ఇదే ఊళ్ళో, గడియారాల వీధిలోనే ఒకడున్నాడన్నాడు. బాబాయి చెప్పిన చీపురు మాటని వెక్కిరించాడు. "ఈ గ్రంథాన్ని వాళ్ళు తరతరాలుగా మోశారు, అర్థం మాత్రం చేసుకోలేదు" అన్నాడు.

మాష్టారు అప్పటికే ఊపు మీదున్నాడు. నోటికి పట్టపగ్గాలు లేవు. "తరతరాలుగా మోశారు! గాడిదకేం తెలుసండీ గంధపు చెక్కల వాసన!" అన్నాడు.

మైదానం గొల్లుమంది. ఈలలు, కేకలు. కుర్చీలు చరిచినవాళ్ళు చరిచారు. ప్రసంగీకుడికి ఆ మాట అర్థం కాకపోయినా నవ్వు అర్థమైంది. ఇంకా కానీ అన్నట్టు మాష్టారి వీపు తట్టాడు. మాష్టారు ఆ మాటే ఇంకా సాగదీసి మళ్ళీ అన్నాడు. మైకు గొట్టాలు ఆ మాటని వీధి వీధికీ మోసుకెళ్ళాయి.

తెల్లవారి బడికి వెళ్తూ గడియారాల వీధిలోకి తిరిగేసరికి కంపు ముక్కు పుటాలు అదరగొట్టింది. బాబాయి దుకాణం తలుపు మీద కుళ్ళిన గుడ్లు పగలగొట్టారు. పైన మురుగు కాలవ బురద చల్లారు. పచ్చగా, నల్లగా చారలు కట్టి గడప మీదికి కారుతోంది. ఈగలు ముసురుతున్నాయి. ఆ బురదలోనే ఎవడో వేలుతో పొడుగు చెవుల గాడిదని గీశాడు. చెవిటి చెల్లెలు ముక్కుకి గుడ్డ కట్టుకుని, మధ్యమధ్యలో వాంతి ఆపుకుంటూ నీళ్ళు కొడుతోంది. మాష్టారు పరుగున వెళ్ళి ఆవిడ చేతిలో చీపురు అందుకోబోయాడు.

బాబాయి అడ్డం వచ్చాడు. "మీకెందుకండీ శ్రమ. మేం కడుక్కుంటాం. మీరు బడికి వెళ్ళండి."

ఇన్నేళ్ళలో 'ఒరే' తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరు అది. మాష్టారి మొహం మీద చాచి కొట్టినట్టయింది.

"నాదేముంది బాబాయ్? ఆయన అన్నాడు, నేను తర్జుమా..."

"నాకు రెండు భాషలూ వచ్చండీ. మైకులో రెండూ విన్నాను. మోశారు, అర్థం చేసుకోలేదు అన్నది ఆయన. గాడిద మీది."

మాష్టారు బడికి వెళ్ళలేదు. ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని మళ్ళీ మళ్ళీ నోరు పుక్కిలించాడు. "ఏం తిన్నారేంటి?" అని భార్య కంగారు పడింది. "తినలేదు, అన్నాను" అన్నాడు. లోపల ఏదో చచ్చి కుళ్ళినట్టుంది, ఎన్ని నీళ్ళు పోసినా పోవడం లేదు.

మధ్యాహ్నం ప్రసంగీకుడి గదికి వెళ్ళాడు. అతను మంచం మీద కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. ముక్కలు దుప్పటి మీదే రాలుతున్నాయి. పక్కన సంఘపెద్ద విసనకర్ర విసురుతున్నాడు. మాష్టారు జరిగింది చెప్పి, ఈ సాయంత్రం వేదిక మీద క్షమాపణ అడగమన్నాడు.

"గుడ్లేగా వేసింది, రాళ్ళు కాదుగా" అన్నాడు ప్రసంగీకుడు. "ఇవాళ జనం రెట్టింపు వస్తారు. ఏదో జంతువు పేరు చెప్పావట కదా, దాన్ని మళ్ళీ పట్టుకురా."

సంఘపెద్ద కిసుక్కున నవ్వాడు. ఆ గోళ్ళనీ, ఆ నవ్వునీ చూస్తే మాష్టారికి అసహ్యం వేసింది. అంతకంటే అసహ్యం, ఈ మనిషి పక్కన నిలబడి, ఈ మనిషి కంటే బాగా మాట్లాడానని నిన్నటిదాకా పొంగిపోయిన తన మీద వేసింది.

సాయంత్రం వేదిక ఎక్కాడు. ప్రసంగీకుడు నోరు తెరవకముందే మైకు తన వైపు లాక్కున్నాడు.

"ఇప్పుడు చెప్పేది తర్జుమా కాదు, నా మాట. నిన్న గాడిద అన్నది నేను..."

గాడిద అన్న మాట వినపడగానే మైదానం మళ్ళీ గొల్లుమంది. కొత్త జోకు వస్తోందనుకున్నారు. "తప్పు చేశాను, నవ్వకండి" అని ఆయన బతిమాలిన కొద్దీ నవ్వు పెరిగింది. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది. దేవుడి పేరు చెప్పి పిలిస్తే వచ్చిన జనం. వాళ్ళ తెరిచిన నోళ్ళు చూస్తుంటే ఆయనకి ఒళ్ళు జలదరించింది. ఇంతలో సంఘపెద్ద సైగ చేశాడు, మైకు మూగబోయింది. మాష్టారు మెట్లు దిగి, జనం మధ్యలోంచే ఇంటికి నడిచాడు. దారిలో ఇద్దరు ముగ్గురు వీపు చరిచి భలే భలే అన్నారు.

తర్వాత ఆయన్ని ఏ కూటానికీ పిలవలేదు. పిలిచినా వెళ్ళేవాడు కాదు. ఆదివారాలు గుడిలో చివరి బల్ల మీద కూర్చునేవాడు. పాటలకి పెదాలు కదిపేవాడు, గొంతు కలిపేవాడు కాదు. ముగ్గురి మీద ఆయన నమ్మకం చెక్కుచెదరలేదు. దాన్ని పైకి చెప్పడానికి తన నోరే ఎంగిలి అనిపించేది. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు "ఆ గాడిద మాట ఇంకోసారి అనండి మాష్టారూ" అని అడిగితే, విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవాడు.

బాబాయి దగ్గరికి వెళ్ళడం మాత్రం మానలేదు. మొదట్లో గిరాకీలాగే వెళ్ళి, గిరాకీలాగే వచ్చేవాడు. చెల్లెలు పోయాక, మోకాళ్ళ నొప్పితో బాబాయి కదలలేకపోతుంటే, మందులు తెచ్చి ఇచ్చి కాసేపు కూర్చునేవాడు. వాన గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకునేవారు. ఒకరోజు మాష్టారు ధైర్యం చేసి ఆ అబ్రాహాము కథ ఎత్తబోయాడు. బాబాయి కంటి భూతద్దం తీసి డబ్బాలో పెట్టి, మూత వేశాడు.

"ఆ సంగతులు వద్దులెండి" అన్నాడు. "మోకాలికి ఈ నూనె వేడి చేసి రాయాలా, చల్లగానే రాయాలా?"

"వేడి చేసి రాయాలి బాబాయ్" అని, మాష్టారు పొయ్యి వెలిగించడానికి లేచాడు.