రెండు శాఖల అంపైరు

ఆ రోజుల్లో యూనివర్సిటీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చిందంటే పెదకాకాని పక్కన మా పేటలో కుర్రాణ్ణి పెళ్లికొడుకును చూసినట్టు చూసేవారు. నన్నయితే ఇంకాస్త ఎగాదిగా చూశారు, ఎందుకంటే నన్ను ఒకటి కాదు, రెండు శాఖల్లో వేశారు. జీతం, ప్రమోషన్ గణాంకశాస్త్ర శాఖలో. పాఠాలు సగం అక్కడ, సగం వృక్షశాస్త్ర శాఖలో. పత్తి మీదా మిరప మీదా ప్రయోగాలు చేసే ఆ శాఖవాళ్లకి, ఏ మొక్క తన గుణం వల్ల బాగా కాసిందో, ఏది అదృష్టం కొద్దీ కాసిందో లెక్కగట్టి చెప్పే మనిషి కావాలి. పూర్తి ఉద్యోగానికి సరిపడా పని మాత్రం వాళ్ల దగ్గర లేదు. అందుకని రెండు శాఖలూ కలిసి ఒక మనిషిని పెట్టుకున్నాయి. కాకపోతే ఉద్యోగం ఖాయం కావాలంటే ఇద్దరు శాఖాధిపతులూ సరేననాలి. ఇదంతా ఓపిగ్గా చెబితే మా అమ్మ, "అంతా బానే ఉంది గానీ, పొద్దున్నే ఏ గుమ్మం ఎక్కుతావురా?" అంది.

గణాంకశాస్త్రం పెద్దాయనను మేం చాటుగా సగటు మాస్టారు అనేవాళ్లం ("సగటున ఇవాళ ఉప్మా పర్లేదు" అనేవారు). వృక్షశాస్త్రం పెద్దాయన పత్తి మాస్టారు. ఆయన చొక్కా జేబులో పెన్ను లేకపోయినా పత్తికాయ ఉండేది. పనిబడితే ఇద్దరికీ నేను సొంతవాణ్ణే. "మనవాడివేగా, ఆ పరీక్ష పేపర్లు దిద్దిపెట్టవయ్యా" అని ఒకరు, "మనవాడివేగా, ఎండ తగ్గాక పొలానికి రా" అని ఇంకొకరు. టీ పార్టీ వచ్చిందా, పక్క శాఖవాళ్లు పిలిచే ఉంటార్లే అని ఇద్దరూ ధీమాగా మర్చిపోయేవారు.

ఇలా ఉండగా రెండు శాఖల అధ్యాపకులకూ క్రికెట్ మ్యాచ్ పెట్టారు. ముందురోజు ప్రాక్టీసులో ఒళ్లోకి వచ్చిన క్యాచ్‌ని నేను ఎలా వదిలేశానో అందరూ చూశారు.

"మీ మనిషే కదండీ, మీరే ఆడించుకోండి" అన్నారు పత్తి మాస్టారు పెద్ద ఔదార్యంతో.

"అబ్బే, పొద్దస్తమానం మీ పొలంలోనే ఉంటాడు, మీవాడే" అన్నారు సగటు మాస్టారు.

కాసేపు నన్ను అటూ ఇటూ తోసుకుని, చివరికి అంపైర్‌ని చేశారు. రెండు పక్షాలకూ చెందినవాడు పక్షపాతం చూపలేడట! (ఇద్దరికీ భయపడి చస్తాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు.)

హాస్టల్ వెనక మైదానం. పక్క చేలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. బంతి అటు పోతే, తేవడానికి వెళ్లినవాడు తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ వచ్చేవాడు. ఆట చివరికి వృక్షశాస్త్రానికి రెండు పరుగులు కావాలి, ఒక్క వికెట్టే మిగిలింది. బ్యాటు పట్టుకున్నది పత్తి మాస్టారు. బంతిని అలా నెట్టి, పంచె ఎగ్గట్టి (ప్యాంటుతో ఆయనకి పరుగు రాదు) నా వైపు పరుగు లంకించుకున్నారు. సగటు మాస్టారు జన్మలో తొలిసారి సగటుకు మించి వంగి, బంతి అందుకుని విసిరారు. నా మోకాలి పక్కనే వికెట్లు ఎగిరిపడ్డాయి. పత్తి మాస్టారి బ్యాటు ఇంకా గీతకి జానెడు బయటే ఉంది.

అందరూ నా వైపే తిరిగారు. పై నెలలోనే నా ఉద్యోగం సంగతి తేలేది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని ఆలోచిస్తుండగానే నా వేలు పైకి లేచిపోయింది. పత్తి మాస్టారు నా వేలినీ, నా మొహాన్నీ మార్చి మార్చి చూసి, బ్యాటు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.

సగటు మాస్టారు వచ్చి భుజం తట్టారు. "ఎంతైనా మనవాడివి! జీతం ఇక్కడేనని గుర్తుపెట్టుకున్నావు" అన్నారు కన్ను గీటి. ఔటిచ్చినందుకు లేని బాధ, ఆ మెచ్చుకోలుకు కలిగింది.

సోమవారం పత్తి మాస్టారు కబురంపారు. కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను.

"ఎంత దూరంలో ఔటయ్యానయ్యా?"

"జానెడు సార్."

"మూరెడు. పరిగెత్తిన నాకు తెలియదా?" అని నవ్వేశారు. "నా కొత్త పత్తి రకం బ్రహ్మాండమని మా శాఖలో అందరూ అంటున్నారు. నేను పెద్దవాణ్ణి కదా, ఇంకేమంటారు? ఆ లెక్కలు నువ్వు చూడు. బాలేకపోతే బాలేదని చెప్పు."

చూశాను. బాలేదు. చెప్పాను కూడా. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు, మూడోనాడు ఇంకో రకం లెక్కలు తెచ్చి నా ముందు పోశారు. ఉద్యోగం ఖాయమైంది, దాంతోపాటు చాకిరీ రెట్టింపైంది.

ఆ తర్వాత నేనూ శాఖాధిపతినయ్యాను, ఎన్నో నిర్ణయాలు తీసుకున్నాను. ప్రతిదానికీ ఇద్దర్ని అడిగి, ముగ్గురి మొహాలు చూసి, ఒక కమిటీ వేసి మరీ తీసుకున్నాను. మిరప ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారుతున్నా, ఎవరినీ అడగకుండా వేలెత్తిన ఆ సన్నపాటి కుర్రాణ్ణి తలుచుకుంటే, వాడు నేనేనంటే నాకే నమ్మబుద్ధి కాదు.